పక్కింటి మాటలు మన బాత్రూమ్‌లోకి: అపార్ట్‌మెంట్ డక్ట్ సంగతి

హైదరాబాద్‌లో స్టిల్ట్ ప్లస్ ఫైవ్ (కింద పార్కింగ్, పైన ఐదు ఫ్లోర్లు) అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి డక్ట్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. బాత్రూమ్ వెంటిలేటర్లన్నీ తెరుచుకునే ఇరుకు సందు, పైనుంచి కిందదాకా పీవీసీ పైపులు, పావురాల రెట్టలు, ఎవరో పారేసిన షాంపూ ప్యాకెట్లు. నాలుగో ఫ్లోర్ ఆంటీ ఫోన్‌లో కోడలి గురించి చెప్పేదంతా రెండో ఫ్లోర్‌లో పళ్లు తోముకుంటూ వినేయొచ్చు. ఇక అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌లో గొడవలు, "కాస్త మెల్లగా మాట్లాడండి" అని ఒకరు, "మా ఇంట్లో మేం మాట్లాడుకోకూడదా" అని ఇంకొకరు.

నన్నడిగితే తప్పు ఆంటీది కాదు, కట్టినవాడిది. ఆరుబయట అయితే దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, నాలుగు దిక్కులా చెదిరిపోతుంది కాబట్టి. డక్ట్‌లో చెదరడానికి చోటేదీ? చుట్టూ ఉన్న సిమెంట్ ప్లాస్టరింగ్ శబ్దాన్ని పెద్దగా పీల్చుకోదు, తిప్పి కొడుతుంది, అంతే. అది తిరిగి తిరిగి ఎక్కడ వెంటిలేటర్ తెరిచుంటే అక్కడ దూరుతుంది.

ఇక్కడ చాలామంది గోడ మందం గురించి ఆలోచిస్తారు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ దాదాపు 50 డెసిబెల్స్ ఆపుతుంది, బాగానే ఉంది, కానీ ఆ గోడలో ఒక్క శాతం కన్నం ఉంటే చాలు, మొత్తం కలిపి 20 డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. ఎనిమిది అడుగులకి ఏడడుగుల గోడలో రెండడుగులకి అడుగున్నర వెంటిలేటర్ పెడితే అది ఐదు శాతం పైనే, అంటే 13 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతాం. గోడకి ఎన్ని వేలు పెట్టి సౌండ్‌ప్రూఫ్ ఫోమ్ అంటించినా ఈ లెక్క మారదు.

అలాగని వెంటిలేటర్‌కి థర్మకోల్ కుక్కేసి టేప్ వేసేవాళ్లున్నారు. థర్మకోల్‌కి బరువు లేదు, అది మాటల్ని ఆపేది అంతంతమాత్రం, ఆగేది మాత్రం గాలి. లోపల గ్యాస్ గీజర్ ఉంటే ఇక చెప్పేదేముంది, కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు వాసన ఏమీ ఉండవు, స్నానానికి వెళ్లినవాళ్లు స్పృహ తప్పేదాకా తెలీదు. అసలు గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపల పెట్టకూడదు, అది వేరే వ్యాసం.

పనికొచ్చేది ఒకటుంది. గాలికి దారి ఉంచి, శబ్దానికి మాత్రం వంకర దారి చెయ్యాలి. వెంటిలేటర్ లోపలివైపు ప్లైవుడ్ పెట్టె, దాని లోపలంతా రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన దూది లాంటి పీచు), తడి తగలకుండా పైన పల్చటి ప్లాస్టిక్ షీటు, గాలి ఒకచోట దూరి మలుపు తిరిగి ఇంకోచోట బయటికి రావాలి, ఈ కొస నుంచి చూస్తే ఆ కొస కనపడకూడదు. లోపలి దారి మాత్రం ఇరుగ్గా చెయ్యొద్దు. మాటలు, టీవీ లాంటివి దీంతో బాగానే తగ్గుతాయి. మోటార్ గూం అనే మోత, ఫ్లష్ కొట్టినప్పుడు పీవీసీ పైపులో దడదడ మాత్రం ఇంత తేలిగ్గా లొంగవు, పల్చటి పైపు, పైగా గోడకి గట్టిగా బిగించి ఉంటుంది, క్లాంప్ కింద రబ్బరు ముక్క పెట్టినా కొంత నయం.

కిచెన్ చిమ్నీ సంగతి వేరు, అక్కడ మోత మన సొంతమే. చిమ్నీ నోరు 6 అంగుళాలు, గోడలో కన్నం 4 అంగుళాలది ఉందని ఫిట్టింగ్ కుర్రాడు రెడ్యూసర్, అంటే పెద్ద నోటిని సన్న పైపుకి కలిపే ముక్క, పెట్టేసి వెళ్లిపోతాడు. అదే గాలి ఆ సన్న పైపులో రెండుంపావు రెట్లు వేగంగా పోవాలి, వేగం పెరిగితే మోత అంతకంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. మనం కంపెనీని తిట్టుకుంటాం. కన్నం పెద్దది చేయించండి, మడతలు పడ్డ అల్యూమినియం పైపుని లాగి తిన్నగా పెట్టించండి, స్పీడు సగానికి తగ్గిస్తే ఫ్యాన్ శబ్దమే దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. పైపు లోపల మాత్రం ఫోమ్ అంటించొద్దు, జిడ్డు పట్టి మంట అంటుకుంటుంది.

రూల్స్ సంగతంటారా, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతాలకి రాత్రి 10 నుంచి 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి ఉంది, కానీ అది మైకులు, హారన్ల లాంటి బయటి మోతల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది, పై ఫ్లోర్ దగ్గుకి ఎవరూ స్టేషన్‌కి వెళ్లరు కదా. కాబట్టి కొనేముందే చూసుకోవాలి. వాస్తు చూస్తాం, ఈశాన్యం చూస్తాం, డక్ట్‌లోకి తొంగి చూసేవాళ్లు తక్కువ. ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఒకరు కింద ఫ్లోర్ బాత్రూమ్‌లో నిలబడి మామూలుగా మాట్లాడండి, ఇంకొకరు పైన తలుపేసుకుని వినండి, మాట మాటా వినిపిస్తే బిల్డర్‌తో రేటు దగ్గర బేరమాడటానికి ఒక పాయింట్ దొరికినట్టే.