‘ఎన్ని గంటలకు?’ అని అడిగిన పెద్దమనిషికి

ఫోటో పెట్టి ఐదు నిమిషాలు కూడా కాలేదు. తల మీద నుంచి నీళ్లు కారుతున్నాయి, చొక్కా వెనక భాగం కత్తిరించేశారు, నా ముఖం నిండా వెర్రి నవ్వు. కింద ఒక్క వాక్యం రాశాను: ‘ఈరోజు మొదటిసారి ఒంటరిగా విమానం నడిపాను.’ ఇక చూడండి, మొట్టమొదటి వ్యాఖ్య: ‘ఎన్ని గంటలకు సోలో చేశారు మేడమ్? నాకు 11 గంటలకే ఇచ్చేశారు.’ అంటే ఎన్ని గంటల శిక్షణ తర్వాత శిక్షకుడు లేకుండా ఒంటరిగా ఎగరనిచ్చారని అడగడం.

ఆ ‘కే’ గమనించారా? ఒక్క అక్షరంలో అంత పొగరు పట్టించడం తెలుగువాడికే చేతనవుతుంది.

బుద్ధి గడ్డి తిని నిజం చెప్పాను. 34 అన్నాను. దానికి ఆయన జవాబు: ‘పర్వాలేదులెండి, కొందరికి సమయం పడుతుంది.’ పక్కన దండం పెట్టే బొమ్మ ఒకటి.

పర్వాలేదులెండి! ఎవరికి పర్వాలేదు? నేనేమైనా క్షమాపణ అడిగానా? అప్పటినుంచి ఫోను పక్కన పెట్టడం, మళ్లీ తీయడం, ఆ దండం బొమ్మ చూడడం, ఇదే పని. అందుకే ఈ పోస్టు. పొడవుగా ఉంటుంది, ఓపిక లేనివాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు.

ముందుగా, ఈ గంటల లెక్క ఎంత గొప్పదో వినండి. నేను నేర్చుకునే విమానంలో మీటరు ఇంజను స్టార్టయి ఆయిల్ ఒత్తిడి ఎక్కగానే తిరగడం మొదలుపెడుతుంది. చక్రాలు నేలను వదిలాయా లేదా అన్నది దానికి అనవసరం. మేము నేర్చుకునే చోట పెద్ద విమానాలు కూడా దిగుతాయి, ఎగురుతాయి. పెద్దది ఒకటి లేచి వెళ్లిందంటే దాని రెక్కల వెనక లేచిన సుడులు చల్లారేదాకా మా చిన్న విమానం రెండు మూడు నిమిషాలు ఆగాలి. ముందు నాలుగు విమానాలు వరుసలో ఉంటే, ఆ వరుస కదిలేదాకా అక్కడే. ఇంజను తిరుగుతూనే ఉంటుంది, మీటరూ తిరుగుతూనే ఉంటుంది. నేను మాత్రం రన్‌వే పక్కన గడ్డి మీద వాలే పక్షులను లెక్కపెడుతూ కూర్చుంటాను. జనసంచారం లేని పల్లె మైదానంలో నేర్చుకున్నవాడు అదే గంటలో ఎనిమిది సార్లు దిగి లేస్తే నేను మూడు సార్లు దిగుతాను. ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్‌లో ఇద్దరికీ పడేది ఒకే ఒక్క గంట. ఎదురుగాలి పక్కగాలిగా మారి రెండు వారాలు కదలనివ్వని రోజులు, విమానం మరమ్మతుకు వెళ్లి రాని రోజులు... వాటి తర్వాత అలవాటు తప్పిన చెయ్యి మళ్లీ కుదరడానికి రెండు మూడు గంటలు పట్టదా? అవి ఎవరి ఖాతాలో వేస్తారు సార్?

అసలు అమెరికా నిబంధనల్లో మొదటి సోలోకు ఇన్ని గంటలు నిండాలి అనే అంకే లేదు. వయసు 16 నిండాలి, ఇంజను లేని గ్లైడరైతే 14 చాలు. ఒక రాతపరీక్ష ఉంటుంది. స్టాల్ వస్తే, అంటే రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి వస్తే, ఎలా బయటపడాలి, ఇంజను ఆగితే ఏం చేయాలి, పక్కగాలిలో ఎలా దిగాలి అని విద్యలన్నీ వరుసగా రాసిన జాబితా ఉంటుంది. చివర శిక్షకుల సంతకం. అంతే. నిబంధనలు రాసినవాళ్లకే పట్టని అంకె ఈ పెద్దమనిషికి పట్టింది.

పోనీ, చరిత్రలోకి వెళదాం. 1903 డిసెంబరు 17న ఆర్విల్ రైట్ 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరాడు. ఒంటరిగానే ఎగిరాడు, ఎందుకంటే రెండో సీటే లేదు, ఉన్నా ఆ ఇంజను విమానాన్ని నడపడం నేర్పగలిగినవాడు భూమ్మీద లేడు. ఆయనను కూడా అడిగేవారేనా, ‘ఎన్ని గంటలకు ఇచ్చారు బాబూ?’ అని? 1909లో ఫ్రాన్స్‌లో రేమాండ్ ద లారోష్ అనే ఆవిడకు నేర్చుకోవడానికి దక్కింది కూడా ఒకే సీటున్న విమానం. నేల మీదే నడిపి చూడమని పాఠం చెప్పారు, ఆమె గాల్లోకి లేపేసింది. ఇక లిండ్‌బర్గ్ సంగతి వినండి. 1922లో నెబ్రాస్కాలో పాఠాలు నేర్చుకున్నాడు, కానీ సోలో ఇవ్వలేదు. చేతకాక అనుకుంటున్నారా? విమానానికి దెబ్బ తగిలితే కట్టాల్సిన హామీ సొమ్ము జేబులో లేదు. మరుసటి ఏడాది సొంతంగా ఒక పాత జెన్నీ విమానం కొనుక్కుని గానీ ఒంటరిగా ఎగరలేకపోయాడు. ఆ మనిషే 1927లో న్యూయార్క్ నుంచి పారిస్ దాకా 33 గంటలన్నర ఒక్కడే నడిపాడు. పర్వాలేదులెండి, కొందరికి సమయం పడుతుంది.

ఈ మధ్యలో ఇంకొకాయన వచ్చి ‘మంచి చొక్కా పాడుచేశారే’ అన్నాడు. ఆడవాళ్లు విమానం నడిపితే ముందు కళ్లు బట్టల మీదకే ఎందుకు పోతాయో నాకు అర్థం కాదు. మన దేశపు తొలితరం మహిళా పైలట్లలో ఒకరైన సరళా ఠక్రాల్ 1936లో, 21 ఏళ్ల వయసులో జిప్సీ మాత్ విమానంలో సోలో చేసింది. ఆమె గురించి ఏ వ్యాసం తెరిచినా చీర మొదటి పేరాలో ఉంటుంది, విమానం రెండో పేరాలో. ఇంతకీ ఆ చొక్కా కథ ఇది: పాతకాలపు విమానాల్లో విద్యార్థి ముందు, శిక్షకుడు వెనక కూర్చునేవారట. ఇంజను హోరులో మాట వినిపించదు కాబట్టి వెనకనుంచి చొక్కా పట్టి లాగేవారట. సోలో అయిందంటే ఇక లాగేవారి అవసరం లేదని చొక్కా తోక కత్తిరిస్తారు.

నా మొదటి శిక్షకుడు చొక్కా లాగలేదు. అంతకన్నా ఘనకార్యమే చేశారు.

ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు గానీ ఈరోజు ఎలాగూ మొదలుపెట్టాను. నా 34 గంటల్లో మొదటి 19 ఆయన దగ్గర గడిచాయి. మనిషి మంచివారే, మాట మెత్తన. కానీ ఫైనల్‌లోకి, అంటే దిగడానికి రన్‌వేకు ఎదురుగా సాగే చివరి దారిలోకి తిరిగేసరికి, ఆయన రెండు వేళ్లు యోక్ (విమానాన్ని ఎత్తే, దించే, తిప్పే పిడి) మీదకు వచ్చేసేవి. ‘నేను పట్టుకోలేదమ్మా, ఊరికే ఆనించాను’ అనేవారు. ఇటువైపు యోక్ కదిలితే అటువైపుదీ కదులుతుంది, రెండూ ఒకదానికొకటి బిగించి ఉంటాయి కదా. ఆయన ఎంత సుతారంగా లాగినా నా అరచేతికి తెలుస్తుంది. మొదట్లో తెలియలేదు, తర్వాత అనుమానం వచ్చింది. చివరకు ఒకరోజు నేల దగ్గరపడి ముక్కు పైకి ఎత్తాల్సిన క్షణంలో నా వేళ్లు సడలించి, యోక్ మీద కేవలం ఆనించి ఉంచాను. ముక్కు దానంతట అదే లేచింది. చక్రాలు పూలరేకులు రాలినట్టు నేలను తాకాయి. ఆయన నా వైపు తిరిగి, ‘శభాష్! ఇప్పటిదాకా మీరు చేసిన ల్యాండింగుల్లో ఇదే బాగుంది’ అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాహనం నిలిపే చోట పది నిమిషాలు ఊరికే కూర్చున్నాను. అంతకుముందు నెలల తరబడి ‘ఈరోజు భలే దించాను’ అని ఇంట్లో అందరికీ చెప్పుకున్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మా అక్కకు ఫోన్ చేసి చెప్పుకున్నవి కూడా. అవన్నీ ఆయన చేతివి.

ఇంకో ముచ్చట. శిక్షకులు నేర్పిన ప్రతి గంటా వాళ్ల లాగ్‌బుక్‌లోనూ గంటే. పెద్ద ఉద్యోగానికి కావలసినన్ని గంటలు నిండగానే ఆయన వెళ్లిపోయారు. తప్పని అనను, ఆయన కడుపు ఆయనది. కానీ నా దగ్గర డబ్బు కట్టించుకుని నా ల్యాండింగులు కూడా తనే చేసుకుని వెళ్లిపోవడం మాత్రం నేను మర్చిపోలేను.

తర్వాత నాకు నేర్పడానికి వచ్చిన ఆవిడ మొదటిరోజే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. ‘మీరే దించండి’ అన్నారు. దించాను. విమానం కప్పలా మూడు గంతులు వేసింది. ఆవిడ పెదవి బిగపట్టారు గానీ చేతులు తీయలేదు. ఇరవయ్యో గంటలో అది నా మొదటి ల్యాండింగ్. అంటే అక్కడినుంచి సోలోకు నాకు పట్టింది 15 గంటలు. చూశారా, నన్ను కూడా అంకెల్లోకి దించేశాడు ఆ పెద్దమనిషి!

ఈరోజు మూడు సర్క్యూట్లు, అంటే లేచి రన్‌వే చుట్టూ తిరిగి దిగడాలు, కలిసి చేశాక, ఆవిడ విమానాన్ని టాక్సీవే (రన్‌వేకు వెళ్లే దారి) పక్కకు తీసి ఆపమన్నారు. ‘ఇంజను ఆపకండి’ అన్నారు. అప్పుడే కడుపులో ఏదో తిరిగింది. ఆవిడ హెడ్‌సెట్ తీశారు, దిగారు, వంగి తన సీటు బెల్టును ఖాళీ సీటు మీద అడ్డంగా పెట్టి బిగించారు, వదులుగా ఉంటే కంట్రోళ్లకు చిక్కుకుంటుందని. తలుపు వేసి బయటినుంచి రెండుసార్లు లాగి చూశారు. ప్రొపెల్లర్‌కు దూరంగా, తోక వైపుగా నడిచి వెళ్లిపోయారు. వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే నేనూ దిగిపోయేదాన్నేమో.

మా చిన్న విమానం సెస్నా 152లో ఇద్దరు కూర్చుంటే భుజాలు రాసుకుంటాయి. ఇన్ని నెలలుగా నా కుడి భుజానికి ఆనుకుని ఉన్న భుజం లేదు. ఎవరినీ కట్టని ఆ బెల్టు మాత్రం ఉంది. ఈ విమానం గరిష్ఠ బరువే 1,670 పౌండ్లు, అంటే దాదాపు 757 కిలోలు. అందులోంచి ఒక మనిషి దిగిపోతే అది వేరే విమానం అయిపోతుంది. 50 నాట్ల వేగం దగ్గర యోక్ కాస్త లాగానో లేదో గాలిపటంలా లేచింది. రోజూ వెయ్యి అడుగులు అందే చోటు ఇంకా దూరంగా ఉండగానే ఎత్తుమాపకం వెయ్యి చూపించింది. ‘చూడండి, అప్పుడే వచ్చేసింది’ అని పైకే అన్నాను, ఖాళీ సీటుతో. డౌన్‌విండ్‌లో, అంటే రన్‌వేకు పక్కగా వెనక్కి సాగే దారిలో, ఇంజను కార్బ్యురేటర్‌కు మంచు పట్టకుండా వేడిగాలి పంపే కార్బ్ హీట్ లాగుతూ కూడా ఆ సీటుకు అప్పజెప్పినట్టు ఒక్కొక్కటీ బిగ్గరగా చదివాను. మొదటిసారి దిగేటప్పుడు నేలకు రెండడుగుల ఎత్తులో తేలుతూ తేలుతూ, ఎంతకీ కూర్చోదే! రన్‌వే తరిగిపోతోంది. లాగకుండా, తోయకుండా పట్టుకుని ఉన్నాను. చివరకు చక్రాలు కీచుమన్నాయి. ఎవరి వేళ్లూ లేవు. నావే.

రెండోసారి బేస్ నుంచి, అంటే ఫైనల్‌కు ముందు అడ్డంగా సాగే దారి నుంచి, తిరగడం ఆలస్యమైంది, ఎత్తు ఎక్కువగా ఉండిపోయింది. తగ్గించబోతే వేగం పెరిగింది. 60 నాట్లు ఉండాల్సిన చోట 72. దించవచ్చు, రన్‌వే పొడవుగానే ఉంది. కానీ ఇంజను శక్తి పెంచే థ్రాటిల్ పూర్తిగా తోసి, కార్బ్ హీట్ మూసి, రెక్కల వెనక అంచున దించే ఫ్లాప్స్ కొద్దికొద్దిగా పైకి తీస్తూ మళ్లీ లేపేశాను. టవర్‌కు ‘గో అరౌండ్’ అని చెప్పాను. గొంతు నాదేనా అనిపించింది, అంత స్థిమితంగా వచ్చింది. తర్వాతి రెండుసార్లూ మామూలుగా దిగాను. కిందికి వచ్చాక ఆవిడ ల్యాండింగుల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ‘ఆ రెండోసారి మళ్లీ లేపారే, అప్పుడు కూర్చున్నాను నేను’ అన్నారు. అంతదాకా గడ్డిలో నిలబడే ఉన్నారట.

ఇది కూడా వ్యాఖ్యల్లో మురిసిపోతూ రాశాను. వెంటనే మన 11 గంటల వీరుడు: ‘ఓహో, ఒకటి తప్పారన్నమాట.’

తప్పారన్నమాట! సార్, ఇందాకటి జాబితాలో గో అరౌండ్ కూడా ఉంది, అది సోలోకు ముందు రావలసిన విద్య. కుదరని చోట పంతం పట్టి దించి ముక్కు చక్రం విరగ్గొట్టుకుంటే మీ లెక్కలో నూటికి నూరా? ఇంకొకరు దీనికి వంతపాడుతూ ‘ఇప్పటి విమానాలు వాటంతట అవే ఎగురుతాయి కదా’ అన్నారు. మా 152లో ఆటోపైలట్ అనే పదార్థమే లేదు నాయనా. రేడియో పనిచేస్తేనే సంబరం.

లాగ్‌బుక్ ఇప్పుడు నా ముందే ఉంది. నీళ్లు పడి ఒక మూల ఉబ్బింది. ఈరోజు వరుసలో శిక్షణ గడిలో మేమిద్దరం తిరిగిన సమయం ఉంది. దాని కింద ఇంకో వరుస, అందులో శిక్షణ గడి ఖాళీ. పక్కన సోలో గడిలో ఆవిడ చేతిరాతతో 0.8 గంట.

కాబట్టి పెద్దమనిషిగారూ, ఇందాక చెప్పిన జవాబు సరిదిద్దుకుంటున్నాను. నా గంటలు 0.8. ఇక మీ 11 గంటల్లో ఫైనల్ దాకా వచ్చాక యోక్ మీద ఎన్ని వేళ్లు ఉండేవో, అవి ఎవరివో, కాస్త గుర్తు తెచ్చుకుని చెప్పండి. ఎదురుచూస్తుంటాను.