సవరణ: అబర్‌ఫాన్ గుట్ట జారింది వాన వల్ల మాత్రమే కాదు

చీమకుర్తి గ్రానైట్ వ్యర్థాల గుట్టల గురించి మొన్న రాస్తూ, 1966 అక్టోబర్ 21న వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో బొగ్గు గని వ్యర్థాల గుట్ట వానల వల్లే జారిందన్నాను. అది తప్పు. వానలు పడ్డ మాట నిజమే. కానీ ఆ ఏడో నంబరు గుట్టను 1958 నుంచి పోసిందే నీటి ఊటల మీద! కింద నీళ్లు పట్టే ఇసుకరాయి. ఆ ఊటలు అప్పటికే మ్యాపుల్లో ఉన్నాయి. అయినా పోసేముందు ఎవరూ నేలను పరీక్షించలేదు. నీరు చేరి, వ్యర్థమంతా బురదై బడి మీద పడింది. 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలు.

వాన మీదకు నెట్టేసి ఆ నిర్లక్ష్యాన్ని నేను కప్పేసినట్టయింది, క్షమించండి. మన దగ్గర రాయి వేరే. అయినా గుట్ట పోసే చోట పాత వాగు, ఊట ఉన్నాయేమో ముందే చూడాలి.