చదివింపుల్లో కుడి మూత

మా బావగారు మృదంగ విద్వాంసుడు. ఆ ఒక్క తప్పుకు లోకం నలభై ఏళ్ళుగా ఆయనకు మృదంగాలే కానుకగా ఇస్తోంది. అక్కయ్య ఇంటి హాల్లో అద్దాల బీరువా నిండా అవే. ఇత్తడిది ఒకటి, గంధపు చెక్కది ఒకటి, తెల్ల పొణికి కర్రతో చేసిన కొండపల్లిది ఒకటి, పొట్టలో గడియారం ఉన్నది ఒకటి, పెన్నులు పెట్టుకోవడానికి ఒక చెంప బోలుగా వదిలేసినది ఇంకొకటి. మొత్తం పదకొండు. ఒక్కటీ మోగదు. గడియారం కూడా మోగదు, దాని సెల్లు అయిపోయి చాలా కాలమైంది. వంటవాడి పుట్టినరోజుకు గరిటె బొమ్మ, లైన్‌మన్ పదవీ విరమణకు కరెంటు స్తంభం బొమ్మ ఇచ్చే ఆచారం మనకు లేదు. ఈ గౌరవం మద్దెల వాయించేవాడికే దక్కింది. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందంటారు. ఆ మద్దెల ఎవరితో చెప్పుకోవాలో మాత్రం సామెత కట్టినవారు ఆలోచించలేదు.

మొన్న ఆయనకు షష్టిపూర్తి వచ్చింది. ఈ బొమ్మల కొలువుకు నా చేతుల మీదుగా స్వస్తి చెప్పి, అసలైన వాద్యమే ఇవ్వాలని సంకల్పించాను. సంకల్పానికి గోత్రం చాలు. మృదంగం కొనడానికి శ్రుతి కావాలని దుకాణానికి వెళ్ళాకే తెలిసింది.

“ఏ శ్రుతికి కావాలండీ?”

“మంచి శ్రుతి చూసి ఇవ్వండి.”

ఆయన నన్ను జాలిగా చూశారు. “పాడేది ఆడవారా, మగవారా?”

“మా బావగారు పాడరండీ.”

“అందుకే అడుగుతున్నాను.”

మృదంగం వాయించేవాడిదే కానీ శ్రుతి, అంటే పాటకు ఆధారమైన స్వరం ఎత్తు, పాడేవారిదట. ఆ ఎత్తును అంకెల్లో చెబుతారు. మగవారు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర దగ్గర పాడతారు, దానికి పొడుగు మృదంగం. ఆడవారు ఐదు, ఐదున్నర దగ్గర, దానికి పొట్టిది. అంచును రాయితో తట్టి కొద్దిగా అటూ ఇటూ సర్దుకోవచ్చు గానీ ఒకటిని ఐదు చేయడం బ్రహ్మతరం కాదు. అంటే కానుక కొనేముందు, రాబోయే పదేళ్ళలో బావగారు ఎవరెవరి పక్కన కూర్చోబోతున్నారో తెలుసుకోవాలి. ఆ సంగతి కచేరీలు పెట్టే కార్యదర్శులకే తెలియదు. వారు ముందురోజు రాత్రి ఫోను చేస్తారు.

పోనీ ఘటం ఇద్దామా? మానామదురై ఘటాలకు మంచి పేరుంది. కానీ అది కాల్చిన మట్టి. ఏ శ్రుతిలో పుట్టిందో ఆ శ్రుతిలోనే పోతుంది, మా పెద్ద మామయ్య లాగా. కంజీర అనే చిన్న డప్పుకు సంప్రదాయంగా ఉడుము తోలు బిగించేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉడుమును గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్లో పెట్టింది. చట్టానిది కూడా ఉడుముపట్టే. ఇప్పుడు మేక తోలుతోనూ చేస్తున్నారనుకోండి, పీటల మీద కూర్చున్న దంపతుల ఎదుట తోలు పుట్టుపూర్వోత్తరాలు రుజువు చేసుకునే ఓపిక నాకు లేదు. మోర్సింగ్ అనే చిన్న ఇనుప వాద్యాన్ని పళ్ళకు ఆనించి వాయించాలి. అరవై నిండినవాడికి అది కానుక కాదు, ఎత్తిపొడుపు.

చివరికి అక్కయ్యనే అడిగాను. “ఇంకొక మృదంగం ఈ గడప తొక్కితే దానితోపాటు నిన్నూ అటక ఎక్కిస్తాను. ఆయన ఒకటిన్నర శ్రుతి మృదంగానికి కుడి మూత, అదే కుడివైపు బిగించే తోలు, పోయి ఆరు నెలలైంది. అది మార్పించరాదూ?” అంది.

ఇక్కడ ఒక శాస్త్రీయమైన చిక్కు వచ్చిపడింది. కానుక అన్నది ఇచ్చేవాడు ఫోటోలో పడటానికి ఏర్పడిన వస్తువు. మూత మార్పిడి ఫోటోలో పడదు, రంగు కాగితంలో చుట్టడానికీ లొంగదు. ఆ మాటకొస్తే పైసా ఖర్చు లేని కానుక కూడా ఒకటుంది: కచేరీలో పాట ఆగి మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం మొదలుకాగానే కాఫీకి లేవకుండా కూర్చోవడం. అంతటి దాతలు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

మృదంగాలు బాగుచేసే పెద్దాయన రైల్వే గేటు పక్క సందులో ఉంటారు. అన్నం ముద్దలో ఇనుప చిట్టెం పొడి కలిపి, కరణి అనే ఆ నల్లటి ముద్దను మూత నడుమ వేలితో అద్ది, నున్నటి రాయితో రుద్దారు. ఆరేదాకా ఆగి, మళ్ళీ అద్ది, మళ్ళీ రుద్దారు. పొర మీద పొర. ఎన్ని పొరలని అడిగితే, “అది పలికేదాకా” అన్నారు. ఈ నల్ల మచ్చ మహిమను సి.వి. రామన్ 1920లోనే ‘నేచర్’ పత్రికలో వివరించారు. మామూలు చర్మవాద్యం మీద దెబ్బ వేస్తే లేచే స్వరాలు తలా ఒక దారి పడతాయి. మన మృదంగంలో ఆ మచ్చ బరువు వాటన్నిటినీ ఒక వరుసలో నిలబెడుతుంది. రామన్‌గారికి తపాలా బిళ్ళ ఉంది. పెద్దాయనకు కనీసం కచేరీ ఆహ్వానపత్రంలో పేరైనా లేదు. నేను ఆయన్ను షష్టిపూర్తికి పిలిస్తే, మా బంధువర్గంలో ఒక పెద్దమనిషి ఎక్కడ కూర్చోబెట్టాలని ధర్మసందేహం వెలిబుచ్చారు. మృదంగం మూతల్లోని మేక, ఆవు, గేదె తోళ్ళు మూడూ వేదిక మీద పట్టుబట్ట పరుచుకుని కూర్చున్నప్పుడు ఆ పెద్దమనిషికి ఏ సందేహమూ రాలేదు. పెద్దాయన మొదటి వరుసలో, మా అక్కయ్య పక్కన కూర్చున్నారు.

చదివింపుల వేళ మైకు మా బాబాయి చేతిలో ఉంది. “ఫలానావారు 1,116 రూపాయలు. ఫలానావారు పట్టుపంచెల చాపు. బావమరిదిగారు...” అని ఆగి, రశీదును దూరంగా పట్టుకుని, కళ్ళజోడు సవరించుకున్నారు. “కుడి మూత ఒకటి. కరణితో సహా.” వెనక నుంచి ఎవరో, “ఎడమది ఎప్పుడిస్తాడట?” అన్నారు.

ఆ వెంటనే అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షులు పన్నెండో మృదంగంతో వేదిక ఎక్కారు. నిగనిగలాడే ఇత్తడి. పీఠం మీద సంఘం పేరు, దాని కింద అంతకన్నా పెద్ద అక్షరాల్లో అధ్యక్షుల పేరు. ఫోటో పూర్తయ్యేదాకా బావగారు వినయంగా పట్టుకున్నారు. అధ్యక్షులు దిగిపోయాక, అలవాటు కొద్దీ దాని చెంప మీద చూపుడువేలితో ఒకసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నారు.

“ఐదున్నర” అన్నారు నా వైపు తిరిగి.