ఐదు నిమిషాల్లో అకౌంటట!

ఇంట్లో కూర్చునే ఐదు నిమిషాల్లో సేవింగ్స్ అకౌంట్ అని ఓ బ్యాంక్ యాప్ ప్రకటన. ఎవరి ఐదు నిమిషాలండీ? ఆధార్ ఓటీపీ రాదు. వచ్చేసరికి టైమ్ అయిపోయిందంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాన్‌లో పొడి అక్షరమే ఉంది, కాబట్టి నేను నేను కాదట! మనం ఇంటిపేరుని ముందు ఒక్క అక్షరంగా కూడా రాస్తుంటామని ఆ యాప్ చేసినవాడికి ఎవరు చెప్పాలి?

సరే, వీడియో కేవైసీ, అంటే వీడియో కాల్‌లో మనం మనమేనని చూపించుకోవడం. తెల్ల కాగితం, పెన్ను, ఒరిజినల్ పాన్ కార్డు పట్టుకుని కూర్చుంటే "మీరు క్యూలో ఉన్నారు". ఎట్టకేలకు ఒకమ్మాయి వచ్చింది. "సార్, కార్డు మెరుస్తోంది, కొంచెం వంచండి." వంచేలోపు కాల్ కట్. మళ్లీ మొదటి నుంచి!

వీడియో లేకుండా ఓటీపీతోనే తెరిస్తే బ్యాలెన్స్ లక్ష దాటకూడదు, ఏడాదిలోపు పూర్తి కేవైసీ చేయించుకోవాలి. రిజర్వ్ బ్యాంక్ నిబంధన, కాదనను. ఆ ముక్క ప్రకటనలో చీమ తలకాయంత అక్షరాల్లో ఎందుకు?

పోనీ అకౌంట్ వచ్చాకైనా సుఖమా? ఫోన్ మార్చానని లాగిన్ అవనివ్వదు. కస్టమర్ కేర్‌కి చేస్తే "దగ్గర్లోని బ్రాంచికి వెళ్లండి సార్" అంటారు. బ్రాంచికి వెళ్లే ఓపికే ఉంటే ఈ యాప్ ఎందుకు పెట్టుకుంటాను?