పెంగ్విన్‌కున్న రక్షణ మెల్‌బోర్న్ ఫ్రెండ్‌కేదీ?

మెల్‌బోర్న్ నుంచి ఒక 140 కిలోమీటర్లు పోతే ఫిలిప్ ఐలాండ్ వస్తుంది. రోజూ పొద్దుగూకాక అక్కడ సముద్రంలోంచి చిన్న చిన్న పెంగ్విన్లు గుంపులుగా ఒడ్డుకెక్కి, తడబడుకుంటూ వాటి బొరియల్లోకి నడిచిపోతాయి. ఒక్కోటీ 33 సెంటీమీటర్లు, అంటే జానెడున్నర, బరువు కిలో అటూ ఇటూ. ఈ జానెడున్నర జీవం కోసం అక్కడి ప్రభుత్వం ఏం చేసిందో తెలుసా, అవి ఉండే సమ్మర్‌ల్యాండ్ వైపు జనం ఇళ్ళు కట్టేసుకుంటే, 1985 నుంచి ఆ ఇళ్ళూ స్థలాలూ ఒక్కొక్కటే వెనక్కి కొనుక్కుంటూ వచ్చి 2010కల్లా కాలనీ మొత్తం ఖాళీ చేయించి వాటికే వదిలేసింది. వాటిని ఫోటో తీయకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, ముట్టుకోకూడదు, ఆఖరికి పార్కింగ్‌లో కార్ తీసేముందు వంగి కింద పెంగ్విన్ ఏమైనా ఉందేమో చూసుకోవాలి. సముద్రంలో ఆయిల్ అంటుకుని దొరికిన వాటి కోసం వాలంటీర్లు కూర్చుని స్వెటర్లు అల్లుతారు. నిజంగా స్వెటర్లే.

మంచిదే, ఎవరూ కాదనరు. కానీ అదే మెల్‌బోర్న్‌కి పడమటి వైపు, టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ ఏరియాల్లో ఇంకో జాతి ఉంది. అవి కూడా చీకటి పడ్డాక సిటీ నుంచి ట్రైన్ దిగి గుంపులుగా, మెడలో ట్యాగ్, వీపున ల్యాప్‌టాప్ బ్యాగ్, తల వంచుకుని ఇంటికి నడిచొస్తాయి. తలుపు తీస్తే లోపల సోఫా నిండా ఇండియా నుంచొచ్చిన జనం కూర్చుని, వచ్చాడ్రోయ్ అని వాడి వైపే చూస్తుంటారు. ఫోటోలు తీస్తారు, గట్టిగా మాట్లాడతారు, ముట్టుకుంటారు, నైట్ టూ థర్టీ దాకా కాలేజీ కబుర్లు చెప్పి పొద్దున ఆరింటికి లేపేస్తారు. ఈ జాతినే మనం 'మెల్‌బోర్న్‌లో మనోడు' అంటాం. మనోడి కోసం ఏ ప్రభుత్వం ఇల్లు కొనివ్వలేదు, వాడే 30 ఏళ్ళ లోన్ పెట్టి కొనుక్కున్నాడు. స్వెటర్ సంగతి సరేసరి, వాడి స్వెటర్లే మనం వేసుకుంటాం.

ఆ స్వెటర్ విషయం కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తెలుగు టూరిజం పునాదే అక్కడుంది. మనకి పిల్లల సెలవులు ఏప్రిల్ ఆఖర్నుంచి జూన్ దాకా. ఎండలు తట్టుకోలేక బయల్దేరతాం కాబట్టి కాటన్ షర్టులు, షార్టులు, కూలింగ్ గ్లాసులు సర్దుకుంటాం. భూమికి కింద వైపు కాలాలు తిరగబడతాయని ఆరో క్లాసులో చదివిన సంగతి తుల్లమరీన్ ఎయిర్‌పోర్ట్ బయటికొచ్చి ఆ గాలి మొహానికి కొట్టాకే గుర్తొస్తుంది. దాంతో మనోడి అల్మరా మొత్తం ఖాళీ. మా గ్రూప్ ఆల్బమ్ ఎవరైనా చూస్తే ఒక మెరూన్ జాకెట్ ప్రతి ఫోటోలో కనిపిస్తుంది, లోపలుండే మనిషి మాత్రం మారుతుంటాడు. మనోడు మాత్రం ఏ ఫోటోలోనూ లేడు, ఒకటి వాడి ఒంటి మీద జాకెట్ లేక, రెండు ఫోటో తీసేది వాడే కాబట్టి.

ఎయిర్‌పోర్ట్ గురించి ఒక్క ముక్క. ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు ఒక కార్డు ఇస్తారు, తినే సరుకులేమైనా తెచ్చావా అని. తెచ్చి కూడా చెప్పకపోతే ఫైన్ వేల డాలర్లలో ఉంటుంది, పైగా బ్యాగులు వాసన చూడ్డానికి కుక్కలుంటాయి. మనం నిజాయితీగా ఎస్ అని టిక్ పెట్టి, పెట్టె విప్పి, నల్లకారం ప్యాకెట్ పట్టుకుని ఆ ఆఫీసర్‌కి ఇదేంటో ఇంగ్లీష్‌లో చెప్పే ప్రయత్నం చేస్తుంటే, బయట మనోడు నిమిషాల లెక్కన డబ్బులు గుంజే పార్కింగ్‌లో గడియారం చూసుకుంటూ ఉంటాడు. ఆ నల్లకారం ఎవరి కోసం తెచ్చామో వాడికి ఆ పార్కింగ్ బిల్లుతో నల్లకారం ఏడాదికి సరిపడా వచ్చేది, అది వేరే విషయం.

ఇంటికెళ్ళాక మొదటి సైట్‌సీయింగ్ ఇల్లే. ఏ గైడ్ పుస్తకంలోనూ ఉండదు గానీ ఇదే అసలు ప్రోగ్రామ్. నాలుగు బెడ్‌రూములూ చూడాలి, థియేటర్ రూమ్ చూడాలి, గ్యారేజ్ తలుపు రిమోట్‌తో లేపడం చూడాలి, వెనకాల నిమ్మచెట్టు చూసి కాయలు లెక్కపెట్టాలి. మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతిలో పెట్టించావా అని మనలో ఒకడు ఫోన్‌లో కంపాస్ తీస్తాడు. ఇంతలో చెల్లెమ్మ వంటింట్లో పోపు వేస్తుంది, ఎండుమిరపకాయ చిటపటమనగానే పైన స్మోక్ అలారం మొదలు. మనోడు టవల్ పట్టుకుని కుర్చీ ఎక్కి దాని కింద విసురుతుంటాడు, పిల్లలు చెవులు మూసుకుంటారు, చెల్లెమ్మ మాత్రం అరుపుల మధ్యనే ప్రశాంతంగా "అన్నయ్యా, ఇంకో రెండు పూరీలు వేసుకోండి" అంటుంది. ఆ టవల్ ఎప్పుడూ ఆ కుర్చీ మీదే ఉంటుందని మేం రెండో రోజు గమనించాం.

ఇక ఊరు. సిటీ మధ్యలో ట్రామ్ ఫ్రీ, 2015 జనవరి నుంచి. తెలుగువాడికి ఈ సమాచారం ఇవ్వడం మనోడు చేసిన మొదటి తప్పు. ఫ్రీ అని తెలిశాక మాకు ఊరు చూడాలన్న ధ్యాస పోయి ట్రామ్ ఎక్కాలన్న ధ్యాస పట్టుకుంది, ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర ఎక్కడం, ఫ్రీ హద్దు అయిపోయే స్టాప్‌లో హడావుడిగా దూకెయ్యడం, మళ్ళీ ఎదురుదాన్ని ఎక్కడం. 1910లో కట్టిన ఆ పసుపు స్టేషన్‌ని ట్రామ్ కిటికీలోంచి అన్ని కోణాల్లో చూశాం, లోపలికి మాత్రం వెళ్ళలేదు, లోపలికెళ్తే మైకీ కార్డు, అంటే టికెట్, అడుగుతారు.

కార్లో వెళ్తే ఇంకో కథ. మనలాగే అక్కడా ఎడమ పక్కనే నడుపుతారు కాబట్టి ఫ్రంట్ సీట్లో కూర్చున్నవాడికి తనకి అంతా తెలుసన్న ధైర్యం వస్తుంది. కానీ మెల్‌బోర్న్ సిటీలో హుక్ టర్న్ అని ఒకటుంది, ట్రామ్‌కి అడ్డం రాకుండా, కుడికి తిరగాలంటే ముందు ఎడమ చివర లేన్‌లోకెళ్ళి, జంక్షన్ మధ్యలో ఒక పక్కన ఆగి, సిగ్నల్ మారాక అందరి ముందు నుంచి కుడికి కొట్టాలి. మనోడు ఇండికేటర్ కుడికేసి ఎడమకి పోతుంటే ఫ్రంట్ సీట్ వాడు "రేయ్ రైట్ రా రైట్" అని స్టీరింగ్ మీద చెయ్యేశాడు. మనోడు ఏమీ అనలేదు. ఆ చేతిని తీసి మెల్లగా వాడి ఒళ్ళోనే పెట్టి, సిగ్నల్ కోసం చూశాడు. పెంగ్విన్ మీద చెయ్యేస్తే ఊరుకుంటారా అక్కడ?

ఫిట్జ్‌రాయ్ గార్డెన్స్‌లో ఇంగ్లీష్ నావికుడు కెప్టెన్ కుక్ వాళ్ళ ఇల్లు ఉంది. 1755లో ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్‌లో కట్టిన ఇల్లది, 1933లో ఒక మెల్‌బోర్న్ పెద్దమనిషి 800 పౌండ్లకి కొని, ఇటుకకి ఇటుక విప్పించి 253 పెట్టెల్లో, 40 పీపాల్లో పెట్టి ఓడలో తెప్పించి ఇక్కడ మళ్ళీ కట్టించారు. ఇంతా చేస్తే అది కుక్ అమ్మానాన్నల ఇల్లు, కుక్ అందులో కాపురం ఉన్నట్టు రుజువు కూడా లేదు. అదే మన దగ్గరైతే కుక్ పడుకున్న మంచం, తిన్న కంచం, కాలు కడుక్కున్న గోళెం అన్నీ చూపించి పక్కన హుండీ పెట్టేవాళ్ళం. ఇంత నిజాయితీతో టూరిజం ఎలా నడుస్తుందో అర్థం కాదు. ఆ 800 పౌండ్ల బోర్డు మాత్రం మనోడు చాలాసేపు చదివాడు.

ఎంసీజీ, అదే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్, దాని సంగతి వేరు, అక్కడ మనం అతిథులం కాదు, హక్కుదారులం. 2024 డిసెంబర్ 28న ఆస్ట్రేలియాతో టెస్టులో బుమ్రా ఔటయ్యేసరికి మన వైజాగ్ కుర్రాడు నితీశ్ రెడ్డి 99 మీద అవతలి ఎండ్‌లో నిలబడిపోతే, మన హైదరాబాద్ సిరాజ్, కమిన్స్ వేసిన మూడు బంతులు ఆపాడు, తర్వాత బోలాండ్‌ని నితీశ్ ఫోర్ కొట్టి సెంచరీ చేశాడు, గ్యాలరీలో వాళ్ళ నాన్న ఏడ్చేశారు. మ్యాచ్ ఓడిపోయాం, 184 పరుగుల తేడాతో, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆ రోజు అక్కడే ఉన్నా అని చెప్పే తెలుగువాళ్ళందర్నీ తెచ్చి కూర్చోబెడితే ఆ స్టేడియంకున్న 1,00,024 మంది కెపాసిటీ చాలదు. మనోడు కూడా ఉన్నా అనే అన్నాడు. ఏ స్టాండ్‌రా అంటే చెయ్యి గాల్లో గుండ్రంగా తిప్పాడు. వదిలేశాం, ఆ ఒక్క గర్వమైనా వాడికి ఉండనిద్దాం అని.

బ్రైటన్ బీచ్‌లో రంగురంగుల చెక్క గదులు వరసగా ఉంటాయి, ఎప్పుడో ఆడవాళ్ళు స్నానానికి బట్టలు మార్చుకోడానికి కట్టుకున్నవి. కరెంట్ లేదు, నీళ్ళు లేవు, అయినా ఒక్కోటీ లక్షల డాలర్లు పలుకుతుంది. ఇది తెలియగానే మా రియల్ ఎస్టేట్ బుర్రలు లేచాయి, అప్పుడే ఒకటి కొని పడేయాల్సింది మావా అని తలా ఒక మాట అన్నాం. మనోడు మామూలుగా ఇలాంటి సలహాలకి నవ్వేసి ఊరుకుంటాడు. కానీ అక్కడ వాటిల్లో రాత్రి పడుకోడానికి రూల్స్ ఒప్పుకోవని తెలిశాక ఆగిపోయాడు. రాత్రి ఎవ్వరూ పడుకోకూడదా అని మళ్ళీ అడిగాడు. ఎవ్వరూ, చుట్టాలైనా సరే. ఆ నీలం రంగు తలుపు వైపు వాడు చూసిన చూపు, పెళ్ళిచూపుల్లో కూడా చూసుండడు.

గ్రేట్ ఓషన్ రోడ్ 243 కిలోమీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా, చనిపోయిన తోటివాళ్ళ గుర్తుగా కొండ అంచున తవ్విన రోడ్డు అది, మేము దాని మీద పులిహోర తింటూ వెళ్ళాం. చివర్లో ట్వెల్వ్ అపోజల్స్, సముద్రంలో నిలబడ్డ సున్నపురాయి స్తంభాలు. పేరుకి పన్నెండు గానీ అక్కడ పన్నెండు ఎప్పుడూ లేవు, ఉన్నవాటిల్లో ఒకటి 2005 జూలైలో కూలిపోయింది, ఇప్పుడు ఎనిమిదంటారు. మేమందరం మనోడి జాకెట్లేసుకుని గాలికి వణుకుతూ వేళ్ళతో లెక్కపెట్టి, ఒకడికి ఏడు, ఒకడికి తొమ్మిది వచ్చి గొడవ పడుతుంటే, తీర్పు చెప్పమని మనోడి కోసం చూస్తే లేడు. కార్లో సీటు వెనక్కి వాల్చి నోరు తెరిచి నిద్రపోతున్నాడు. వచ్చిన ప్రతి బ్యాచ్‌ని ఇక్కడికే తెస్తాడు కదా, ఎనిమిదే అని వాడికి తెలుసు, దిగి లెక్కపెట్టాల్సిన పన్లేదు. నా అంచనా ప్రకారం ఆ పార్కింగ్‌లో నిద్రపోతున్న ప్రతి ఇండియన్ డ్రైవరూ ఎవరో ఒకరికి మనోడే.

ఇవన్నీ అయ్యాకే పెంగ్విన్ల దగ్గరికెళ్ళింది. ఫోన్లు జేబులో పెట్టమంటే మా గ్యాంగ్ మొహాలు మాడిపోయాయి, వచ్చినట్టు రుజువేంటి మరి అని ఒకడు రేంజర్‌నే అడగబోయాడు. ఐదు దాటాక చీకటి పడింది, అవి ఒక్కొక్కటే నీళ్ళలోంచి లేచి, ఆగి, అటూ ఇటూ చూసి, మళ్ళీ గుంపు కట్టి నడిచాయి, ఒకటి వెనకబడిపోయి ఒంటరిగా పరిగెత్తింది. అప్పుడు మనోడు చిన్నగా "సెవెన్ ట్వెంటీ ట్రైన్ మిస్సయినట్టుంది" అన్నాడు. ఈ వ్యాసం ఆలోచన అక్కడ పుట్టింది.

కాబట్టి రెండు ప్రభుత్వాలకీ నా డిమాండ్లు సీరియస్‌గానే పెడుతున్నా. టార్నీట్‌లో ఒక్కో ఇంటికి ఏడాదికి ఇన్ని బ్యాచ్‌లు అని కోటా పెట్టాలి. మనోడు ఆఫీస్ నుంచి వచ్చిన గంట దాకా ఎవరూ వాడితో "రేపు ప్రోగ్రామ్ ఏంటి" అనకూడదు. మనం వెనక్కొచ్చాక వాడింటికి పోస్ట్‌లో వచ్చే టోల్ బిల్లులూ, స్కూల్ జోన్‌లో స్పీడ్ ఫైనూ (త్వరగా పోనీరా అన్నది మనమే) మనకి ఫార్వర్డ్ అయ్యేలా ఏదైనా ఒప్పందం చేసుకోవాలి. ఫిష్ ఆయిల్ డబ్బాలు, విటమిన్ డబ్బాలు మా అత్తగారికి, మా బాస్‌కి అని వాడితో మందుల షాపుల చుట్టూ తిప్పించుకునేవాళ్ళ మీద ప్రత్యేక పన్ను. అమ్మాక ఎంత వస్తుంది అని వాడి ఇంటి రేటు అడిగేవాళ్ళని అయితే తుల్లమరీన్‌లోనే ఆపెయ్యాలి, అవసరమైతే ఆ కుక్కలకి దానిక్కూడా ట్రైనింగ్ ఇవ్వాలి.

ఇటువైపు మన బాధ్యత ఏం లేదా అంటే ఉంది, మేం నిర్వర్తించాం కూడా. మొన్న జనవరిలో వాళ్ళ పిల్లల సెలవులకి మనోడు ఫ్యామిలీతో హైదరాబాద్ దిగాడు. గ్రూప్‌లో మెసేజ్ పెడితే ఒకడికి ఆఫీస్‌లో రిలీజ్ ఉంది, ఒకడు తిరుపతి, ఒకడు ట్రాఫిక్‌లో ఉన్నా మళ్ళీ చేస్తా అన్నాడు. ఎట్టకేలకు కొండాపూర్‌లో ఒక రెస్టారెంట్‌లో రెండు గంటలు దొరికాం. పిల్లలకి గోల్కొండ చూపిద్దామనుకుంటున్నా, ఎవరైనా తోడొస్తారా అనడిగాడు. అందరం ఒకేసారి, అక్కడేముందిరా మెట్లు తప్ప, క్యాబ్ బుక్ చేసుకుని వెళ్ళిరండి అన్నాం. బిల్లొచ్చింది, డాలర్లలో చూస్కుంటే ఎంతలేరా అని మనోడి వైపు జరిపాం.