థ్రూ యాక్సిల్ గారికి ఒక విన్నపం

శ్రీ థ్రూ యాక్సిల్ గారికి,
సస్పెన్షన్ ఫోర్క్ కింది అంచు, ముందు చక్రం నట్టనడుమ.

అయ్యా, ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం. మా మౌంటెన్ బైకు (కొండదారుల సైకిల్) ముందు చక్రం మాత్రం, దాన్ని పట్టుకునే కొత్త ఫోర్క్‌లోకి ఎక్కనని మొరాయిస్తోంది. చక్రం నడుమ నుంచి దూరి ఫోర్క్ రెండు కాళ్లకూ బిగుసుకునే ఇరుసు మీరే కదా. ఆ సంగతి మాట్లాడదామనే ఈ ఉత్తరం.

మీరు చేసిన మేలు మరిచిపోలేదు. మీరు రాకముందు మౌంటెన్ బైకు ముందు చక్రాన్ని పట్టుకున్నది లీవర్ తిప్పితే ఊడొచ్చే క్విక్ రిలీజ్. రోడ్డు సైకిళ్ల కోసం పుట్టిన ఏర్పాటది. 9 మి.మీ. ఇరుసు కొసలు, ఫోర్క్ కాళ్ల మధ్య 100 మి.మీ. వెడల్పు, కాలి కొసన కిందికి నోరు తెరుచుకుని ఉండే గాడి. చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకులున్నంత కాలం పేచీ లేదు. తర్వాత డిస్క్ బ్రేకు వచ్చి ఫోర్క్ ఎడమ కాలి వెనక కూర్చుంది. అక్కడ కూర్చుని బ్రేకు వేసినప్పుడల్లా చక్రాన్ని కిందికి, అంటే సరిగ్గా ఆ గాడి నోటి వైపే తోస్తుంది. కొండ దిగేవాడికి ఇంతకంటే టెన్షన్ ఏం కావాలి? మీరొచ్చి ఆ గాడిని మూసి కన్నం చేశారు. ఈ కొస నుంచి ఆ కొసకు దూరి, మరతో బిగుసుకున్నారు. అప్పటిదాకా ఎవరి దారి వారిదిగా ఊగిన ఫోర్క్ కాళ్లు రెండూ కలిసి కదలడం మొదలుపెట్టాయి. అందుకు మీకు నిండు దండం.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

మొదట మీరు 20 మి.మీ. లావు, 110 మి.మీ. వెడల్పుతో కొండ దిగే పందేల (డౌన్‌హిల్) వాళ్ల ఫోర్క్‌లలో కాపురం పెట్టారు. లావుపాటి మనిషి, నమ్మదగ్గ మనిషి. మధ్యలో సైకిల్ కంపెనీల్లో మావెరిక్ వాళ్లు 24 అన్నారు, స్పెషలైజ్‌డ్ వాళ్లు 25 అన్నారు. వాటికి సరిపడే హబ్బులు (ఇరుసు దూరే చక్రం నడిమి భాగాలు) కొన్నవాళ్లు ఇప్పుడు వాటిని పేపర్ వెయిట్‌లుగా వాడుకుంటున్నారేమో. 2008లో ఫోర్క్‌లు చేసే ఫాక్స్, విడిభాగాలు చేసే షిమానో చేతులు కలిపి మిమ్మల్ని 15 మి.మీ.కి చిక్కించారు, వెడల్పు మళ్లీ 100కే తెచ్చారు. క్విక్ రిలీజ్ కంటే గట్టి, 20 కంటే తేలిక అన్నారు. నిజమే. కానీ ఆ 20 గొట్టాన్నే గోడ పలచన చేసి తేలిక చేయకూడదని ఎవరైనా శాసనం రాశారా? వాళ్లకే అనుమానమొచ్చిందో ఏమో, 2015 మోడల్ ఫాక్స్ 36 అనే ఫోర్క్‌లో 15, 20 రెండూ పట్టేలా చేశారు. ఆ ఫోర్క్‌లో మాత్రం మీ ఇంట్లో ఇద్దరూ ఒకే పంక్తిలో భోంచేశారు.

ఆ పంక్తి లేవకముందే బూస్ట్ అనే కొత్త కొలత దిగింది. 29 అంగుళాల చక్రాలకు స్పోకులు పొడుగు, పక్కకు ఒరుగుతాయి కనుక స్పోకులు తగిలే హబ్ అంచుల్ని రెండు వైపులా చెరో 5 మి.మీ. బయటికి జరపాలన్నారు. 15 మి.మీ. ఇరుసు, 110 మి.మీ. వెడల్పు. ఇందులో సగం న్యాయముంది, కాదనను. స్పోకులు ఎంత వెడల్పుగా వాలితే చక్రం అంత గట్టిగా నిలబడుతుంది.

నా గొడవంతా ఆ తర్వాతి దానితో. 20 మి.మీ. లావు, 110 మి.మీ. వెడల్పు బూస్ట్! అయ్యా, మీ పెద్దాయన కొలతలు కూడా అవే కదా? ఆ పాత హబ్బు ఈ ఫోర్క్‌లో శుభ్రంగా కూర్చుంటుంది, ఇరుసు దూరుతుంది, మర బిగుస్తుంది. బూస్ట్‌లో డిస్కు చోటు కూడా బయటికి జరిగింది కనుక పాత హబ్బు డిస్కు మాత్రం ఉండాల్సిన చోటుకు 5 మి.మీ. లోపల తిరుగుతుంది. గోత్రం కుదిరి, నక్షత్రం కుదిరి, లగ్నం పెట్టుకున్నాక నాడీ దోషముందన్నట్టు. కొలతలు వేరుగా ఉంటే చూసుకుని కొంటాం. ఒకే అంకెలు పెట్టి లోపల మెలిక పెట్టడాన్ని ఏమనాలి?

ఇరుసు మరల (త్రెడ్‌ల) సంగతి సరేసరి. ఒకే 15, ఒకే 110 అయినా ఫాక్స్ ఇరుసు ఇంకో కంపెనీ రాక్‌షాక్స్ ఫోర్క్‌కు పట్టదు. రాక్‌షాక్స్ వారికి తృప్తి లేక టార్క్ క్యాప్స్ అని హబ్ కొసలకు తొడిగే 31 మి.మీ. మూతలు తెచ్చారు.

హైదరాబాద్‌లో వీటి కోసం తిరిగే బదులు అమెరికా నుంచి వచ్చే బావమరిదికి చెప్పడం మేలు. వెళ్లేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ, వచ్చేటప్పుడు హబ్ మూతలు. పోయినసారి కస్టమ్స్ ఆయన వాటిని చేతిలో తిప్పుతూ ఇవేంటని అడిగాడట. మావాడు నిజం చెప్పాడు. నమ్మలేదు.

కనుక నా విన్నపం ఒక్కటే. మీ ఇంట్లో తర్వాతి బారసాల ఎప్పుడో ముందే కబురు పెట్టండి. అందాకా కొత్త చక్రం కొనకుండా ఆగుతాను.

ఇట్లు,
15 x 100 హబ్ యజమాని

తా.క.: 15 మి.మీ. వచ్చిన కొత్తలో పనిముట్టు లేకుండా చక్రం ఊడదీయొచ్చని మీ పేరు పక్కన ‘క్యూఆర్’ (క్విక్ రిలీజ్) అని తగిలించారు, లీవర్ పెట్టారు. ఇప్పుడు ఆ లీవర్ పీకేసి, అలెన్ కీతో తిప్పే ఇరుసును నాజూకైన సరుకని అమ్ముతున్నారు. ఆ లీవర్ ధర ఏమైనా తిరిగి ఇస్తారా?