పిల్లిగద్దలు, రాహుకాలం, మా మామ రివర్స్ గేరు

సంక్రాంతికి కడప నుంచి మా అత్తామామలు వస్తే కర్నూల్లో వాళ్ళకి చూపించడానికి ఏమీ మిగల్లేదు. కొండారెడ్డి బురుజు ఎప్పుడో అయిపోయింది, ఓర్వకల్లు రాళ్ళు చూపిస్తే "ఇట్లాంటి రాళ్ళు మా గండికోట కాడ ఎన్ని గావాల నీకు" అని మామ ఒక్క ముక్కలో తేల్చేశారు. అప్పుడు మా ఆవిడ రోళ్ళపాడు పోదాం, పిల్లిగద్దలొచ్చే కాలం ఇదే అంది.

"గద్దల్ని సూసేకి డీజిల్ పోసుకోని పోవల్లనా? మా ఈదిలో చికెనంగడి కాడ నిలబడు, నెత్తిన తన్ని పోతాయి" అన్నారు మామ.

ఇవి ఆ గద్దలు కావు మామా, కజకిస్తాన్ లాంటి దేశాల్లో చలికి తట్టుకోలేక మన దగ్గరికొస్తాయి, అక్టోబరు ప్రాంతంలో వచ్చి మళ్ళీ ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోతాయి, పగలంతా చేల మీద తక్కువ ఎత్తులో తిరుగుతూ మిడతల్నీ ఎలుకల్నీ పట్టి, సాయంత్రానికి గుంపుగా ఒకచోట చేరి చెట్ల మీద కాకుండా గడ్డిలో నేల మీదే పడుకుంటాయి అని నేను చెప్పుకుంటూ పోతే ఆయన మొత్తం విని, "అంత దూరం నుంచి వచ్చి నేల మీద పండుకుంటాయా పాపం" అన్నారు. ఒప్పుకున్నట్టే లెక్క.

చిక్కంతా అత్తమ్మతో వచ్చింది. ఆ రోజు ఆదివారం. ఆదివారం రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు దాకా. పిల్లిగద్దలు దిగేదీ సరిగ్గా అప్పుడే. ముందే పోయి కూర్చుందాం, ఆరు దాటేదాకా బండి మాత్రం కదపొద్దు అని షరతు పెట్టింది. గద్దలకి రాహుకాలం లేదా అని మా చిన్నోడు అడిగితే అవి మన పంచాంగం చూడవు నాయనా అంది.

అలా నందికొట్కూరు మీదుగా మధ్యాహ్నానికే చేరిపోయాం. బండి మా బావమరిదిది, ఏడు సీట్ల పాత బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దాని పాత ఓనరు ఎవరో మంచి కళాపోషకుడు. ఆ సంగతి తర్వాత.

రోళ్ళపాడు గురించి తెలియనివాళ్ళకి రెండు మాటలు. 1988లో బట్టమేక పిట్టల కోసమని దీన్ని అభయారణ్యం చేశారు. చుట్టూ పొలాలూ ఊళ్ళూ కలుపుకుని 614 చదరపు కిలోమీటర్లు. అరణ్యం అంటే చెట్లుంటాయనుకుని గొడుగులు తేకుండా వచ్చారో, అయిపోయారే. కనుచూపు మేర గడ్డే. బట్టమేక ఇప్పుడు అక్కడ కనబడ్డమే గగనమైపోయింది. కృష్ణజింకలు మాత్రం కనిపించాయి, పిల్లలు కేరింతలు కొట్టారు, మామ "పక్క చేన్లో శనగ యేసినోడి బాధ ఎవురికీ పట్టదు" అన్నారు. అందులోనూ నిజం లేకపోలేదు.

జనవరిలో కూడా మధ్యాహ్నం ఎండ మామూలుగా లేదు. బండి నీడలోనే చాప పరిచి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కానిచ్చాం. తర్వాత అత్తిరాసాలు తీశారు, తర్వాత పేకముక్కలు తీశారు. బావమరిది ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న మూరెడు లెన్సు బిగించుకుని గడ్డికి ఫోటోలు తీస్తూ ప్రాక్టీస్ చేశాడు.

ఐదు దాటాక వాచర్ వచ్చి ఎక్కడ కూర్చోవాలో చూపించి, నోటి మీద వేలు పెట్టాడు. "మాట్లాడొద్దు సార్, ఫోన్లు సైలెంట్లో పెట్టండి, బండి ఆడ్నే ఉండనీండి." ఈ పిల్లిగద్దలకి గుడ్లగూబకున్నట్టే ముఖం చుట్టూ ఈకల వలయం ఉంటుందట, గడ్డిలో ఎలుక మసలిన చప్పుడు కూడా ఎగురుతూనే పసిగడతాయట. ఆయన గుసగుసగా ఇది చెబుతున్నప్పుడే వెనక నుంచి కరకరమని శబ్దం. మామ నిప్పట్లు తింటున్నారు. వాచర్ చూశాడు. మామ నమలడం ఆపారు గానీ నోట్లో ఉన్నదాన్ని ఏం చేయాలో తెలీక బుగ్గన పెట్టుకుని మెల్లగా లేచి బండి వైపు పోయారు. అక్కడ కూర్చుని తింటారులే అనుకున్నాం.

మొదట ఒకటొచ్చింది. తర్వాత రెండు. ఆ తర్వాత ఏ దిక్కు చూసినా అవే. మగవి బూడిద రంగు, ఆడవి గోధుమ రంగు, రెక్కలు కాస్త పైకెత్తి పట్టుకుని గడ్డి మీద అలా తేలుతూ, దిగాలా వద్దా అన్నట్టు ఒక చుట్టు తిరుగుతాయి, కాళ్ళు కిందికి వదుల్తాయి, మళ్ళీ లేస్తాయి. మా పిల్లలు నోరు మూసుకుని ఉండడం నేను పరీక్షల టైంలో కూడా చూడలేదు. అత్తమ్మ రాహుకాలం మర్చిపోయి చేతులు జోడించింది. ఎంతైనా గరుత్మంతుడి చుట్టాలే కదా.

ఇక్కడో విషయం చెప్పాలి. మా మామ రిటైర్డ్ బస్సు డ్రైవర్. బండి ఎక్కడ ఆపినా దాని మొహం రోడ్డు వైపు ఉండాలి, లేకపోతే ఆయనకి తిన్నది అరగదు. మైళ్ళ దూరంలో ఇంకో బండి లేకపోయినా సరే, పోయేటప్పుడు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటామని టెన్షన్. తాళం బండికే ఉంది. రివర్స్ గేరు వేశారు.

పెళ్ళి సన్నాయి మోగింది.

అదీ మామూలుగా కాదు, డోలుతో సహా. పాత ఓనరు పెట్టించిన రివర్స్ హారన్. మధ్యలో సన్నాయి ఆగి ఒకావిడ "దయచేసి పక్కకు జరగండి, బండి వెనక్కి వస్తోంది" అని మర్యాదగా చెబుతుంది, మళ్ళీ సన్నాయి. దిగబోతున్న పిల్లిగద్దలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి, దిగినవి కూడా లేచాయి. వాచర్ చేతులూపుతూ పరుగెత్తాడు. ఆయన ఊపే చేతుల్ని మామ 'రా రా, ఇంకా రా' అనుకున్నారు, ఎందుకంటే బస్సు వెనక్కి తీసేటప్పుడు కండక్టర్లు అలాగే ఊపుతారు. ఇంకాస్త వెనక్కొచ్చారు. ఇంకో విడత సన్నాయి.

పిల్లిగద్దలు మరీ ఎక్కడికో పోలేదు లెండి. కాసేపు పైనే తిరిగి, మాకు బాగా దూరంగా, మసక వెలుతుర్లో చుక్కల్లా కనిపించేంత అవతల దిగాయి. వాచర్ మాతో మాట్లాడ్డం మానేశాడు. ఇక పోదాం అంటే అత్తమ్మ ఆరు కొట్టేదాకా బండెక్కనివ్వలేదు. "కదపొద్దని చెప్పితినా లేదా, ఇంటే కదా" అని మామని కడుపారా తిట్టింది. ఆయన మాత్రం బండి మొహం రోడ్డు వైపు ఉందన్న తృప్తిలో ఉన్నారు.

తిరుగుదారిలో బావమరిది కెమెరాలో ఫోటోలు చూపించాడు. గడ్డి, గడ్డి, ఒక రెక్క కొస, గడ్డి, ఏదో తోక. స్పష్టంగా, ఈకకి ఈక తెలిసేంత బాగా పడింది ఒక్కటీ లేదు, ఒక్కటి తప్ప. అందులో ఉన్నది సన్నాయి మొదలవగానే గిరుక్కున మా బండి వైపు తిరిగిన వాచర్ ముఖం.

మామ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"బో బాగొచ్చిందబ్బీ" అన్నారు. "ఆయప్ప నంబర్ తీసుకోనుంటే పంపిస్తా ఉంటిమి."